రాయగడ దగ్గర ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు కావాలి: సోషల్ మీడియాలో ప్రకటన ఎలా పెడితే సరైనవాళ్లు వస్తారు?

నాగావళి_గట్టు | సోమవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఒడిశాలోని రాయగడకి దగ్గర్లోనే ఒక ప్లాంటులో మెయింటెనెన్స్ కాంట్రాక్టుకి మనుషులు కావాలి. ఐటీఐ ఫిట్టర్లు 8, ఎలక్ట్రీషియన్లు 4, స్టోర్స్ అసిస్టెంటు 1, మెకానికల్ మెయింటెనెన్స్ ఇంజనీరు 1. మొత్తం 14 మంది, గడువు 45 రోజులు. చేతిలో ఉన్నవి ఒక ఫేస్‌బుక్ పేజీ, ఒక వాట్సాప్ నంబరు, ఒక లింక్డిన్ ఖాతా. ఇప్పుడు నడుస్తున్న పోస్టరులో మాటలివి: "అర్జెంటుగా కావలెను. ఆకర్షణీయమైన జీతం. ఆసక్తి గలవారు వెంటనే సంప్రదించండి."

మెసేజీలు బోలెడు. సగం "హాయ్", పావు వంతు "జీతం ఎంత సార్". పనికొచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కడ తేడా కొడుతోంది?

---

వంశధార | సోమవారం, రాత్రి 9:15

తేడా పోస్టరులోనే ఉంది. అందులో ఏమీ చెప్పనప్పుడు అవతలివాడు "హాయ్" అనక ఏమంటాడు? జీతం రాయకపోతే ప్రతివాడూ జీతమే అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకి మీరు వందసార్లు జవాబు రాస్తూ కూర్చుంటారు. ఈలోగా చేతిలో పని ఉన్న అసలు ఫిట్టరు, ఇదేదో ఏజెంటు వ్యవహారం అనుకుని పక్కకి జరిగిపోతాడు.

"ఆకర్షణీయమైన" తీసేసి అంకె వేయండి. ఏ అంకె అన్నదే ముఖ్యం. లెక్క సుళువుగా ఉండేందుకు బేసిక్, డీఏ కలిపి 16,000, వేరే అలవెన్సులు లేవనుకుందాం. పీఎఫ్ 15,000 సీలింగు మీద 12 శాతం, అంటే 1,800. ఈఎస్ఐ ఉద్యోగి వాటా 0.75 శాతం, 120. ఒడిశా వృత్తి పన్ను నెలకి 125. చేతికొచ్చేది 13,955. అదే జీతానికి యజమాని పీఎఫ్ 1,800, యజమాని ఈఎస్ఐ 3.25 శాతం చొప్పున 520 కూడా కలిపి "సీటీసీ 18,320" (కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు) అని పోస్టరు వేసేవాళ్లున్నారు. చేరినవాడు మొదటి నెల స్లిప్పులో 13,955 చూసుకుంటాడు. మధ్యలో 4,365 ఎవరో మింగేశారనుకుంటాడు. రెండో నెల రాడు. రాకపోగా తనతో వచ్చిన ముగ్గురినీ పట్టుకుపోతాడు. అందుకే మూడు ముక్కలూ వేయండి: జీతం 16,000, కోతలు పోగా చేతికి సుమారు 13,950, ఓటీ (అదనపు గంటల పనికి డబ్బు) వేరు. ఓటీ రెట్టింపు రేటు అయితే ఆ మాట కూడా రాయండి, అది మీకే మేలు.

పోస్టరులో ఉండాల్సిన మిగతావి: ట్రేడు పేరు, ఎందరు కావాలి, అనుభవం (ఫ్రెషర్లు పనికొస్తే ఆ మాట), పని చేసే చోటు, షిఫ్టులు, ఉండటానికి గది ఇస్తారా, ఇస్తే జీతంలో ఎంత కోస్తారు, క్యాంటీను, బస్సు ఎక్కడి నుంచి, తెచ్చుకోవాల్సిన కాగితాలు, ఇంటర్వ్యూ తేదీ, సమయం, చోటు, ఆఖరి తేదీ. ఆఖరి తేదీ లేని పోస్టరుకి చావు లేదు. ఏడాది తర్వాత కూడా ఏదో గ్రూపులో తిరుగుతూనే ఉంటుంది, మీ ఫోను మోగుతూనే ఉంటుంది.

---

సంతబజారు | సోమవారం, రాత్రి 9:50

ఇంత హంగామా ఏటికి బాబూ? సంతరోజున ఆటోకి మైకు కట్టి రెండు గంటలు తిప్పితే చాలదా? ఫేస్‌బుక్ చూసి ఫిట్టరు పన్లోకి వస్తాడంటే నాకు నమ్మకం లేదు.

---

వంశధార | సోమవారం, రాత్రి 10:05

మైకు హెల్పర్లకి పని చేస్తుంది అన్నయ్యా, కాదనను. కానీ ఐటీఐ చదివిన ఎలక్ట్రీషియన్ ఆ సంతలో ఉండడు. వైజాగ్‌లోనో, హైదరాబాదులోనో, సూరత్‌లోనో షిఫ్టులో ఉంటాడు. సంతలో ఉండేది వాళ్ల అమ్మానాన్నలు. ఇంటికి దగ్గర్లో పని దొరికిందని ఆ పిల్లాడికి తెలియాలంటే ఫోనే దారి.

---

జయపురం_అక్క | మంగళవారం, ఉదయం 7:20

పోస్టరు ఏ లిపిలో వేశారు? ఎవరూ అడగలేదు, నేనడుగుతున్నాను.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, ఈ ఊళ్లన్నిటిలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామంది బడిలో ఒడియానో ఇంగ్లీషో చదివారు. తెలుగు మాట గలగలా వస్తుంది, అక్షరం రాదు. మీ తెలుగు పోస్టరు వాళ్లకి బొమ్మే. సరిహద్దుకి అటువైపు, ఆంధ్రాలో, పార్వతీపురం, కురుపాం, సాలూరు పిల్లలకి తెలుగు అక్షరం వచ్చు, ఒడియా రాదు. రెండు లిపులూ ఒకే పోస్టరులో కుక్కితే అక్షరాలు చీమల్లా అయిపోతాయి. వాట్సాప్ బొమ్మను కుదించేసరికి ఆ చీమలు కూడా కనబడవు.

చేయాల్సిందిలా. ఒడియాలో ఒక పోస్టరు, తెలుగులో ఒకటి, వేర్వేరుగా. ఒక్కోదాంట్లో ఎనిమిది లైన్లు మించొద్దు. గ్రూపులకీ ఫేస్‌బుక్కీ 1080 × 1350, స్టేటస్‌కి 1080 × 1920. దానితోపాటు తెలుగులో ఒక వాయిస్, 40 నుంచి 45 సెకన్లు. అక్షరం రానివాడికీ చేరుతుంది, వాళ్లమ్మకీ చేరుతుంది. పిల్లాణ్ణి పంపాలా వద్దా అన్నది తేల్చేది చాలా ఇళ్లలో ఆవిడే. వాయిస్‌లో మొదటి మాటే పని పేరు, ఊరు, జీతం కావాలి. "నమస్కారం, మా సంస్థ గత కొన్ని సంవత్సరాలుగా" అని మొదలెడితే మూడో సెకనులో ఒగ్గేస్తారు.

ఒడియా వాక్యాలు ఫోను అనువాదంతో వేసేయకండి. ట్రేడు పేర్లు, షిఫ్టు మాటలు తలకిందులవుతాయి. ఒడియా బాగా తెలిసిన టీచరుకి ఒకసారి చూపించండి, పది నిమిషాల పని. కుయి, సవర (ఇక్కడి గిరిజన భాషలు) మాట్లాడే పిల్లలకి కూడా బడి చదువు ఎక్కువగా ఒడియాలోనే కాబట్టి ఆ పోస్టరే వాళ్లకీ చేరుతుంది.

పీడీఎఫ్ మాత్రం గ్రూపుల్లో వేయొద్దు. తెరిచేవాళ్లు తక్కువ. కాశీపూర్, కల్యాణసింగ్‌పూర్ కొండల వైపు సిగ్నల్‌కి అసలు దిగదు.

---

నాగావళి_గట్టు | మంగళవారం, ఉదయం 8:02

అక్కా, పోస్టరు తెలుగులో మాత్రమే ఉంది. ఒడియాది ఈరోజే చేయిస్తాను. ఫేస్‌బుక్‌లో డబ్బు కట్టి బూస్ట్ చేయడం దండగా? నెలకి అయిదారు వేల వరకు పెట్టగలం.

---

పట్టునగరం | మంగళవారం, ఉదయం 11:30

దండగ కాదు, కానీ "బూస్ట్ పోస్ట్" నీలం బటన్ నొక్కితే దండగే. అది ఎక్కువగా లైకుల కోసం వెతుకుతుంది, లైకులు కొట్టేవాళ్లని పట్టుకొస్తుంది. యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి, మనిషి నొక్కగానే నేరుగా వాట్సాప్ తెరుచుకునే ప్రకటన పెట్టండి. లక్ష్యం సంభాషణలు కావాలి, లైకులు కాదు.

చోటు విషయంలో చాలామంది తడబడతారు. రాయగడ మీద పిన్ను పెట్టి చుట్టూ గీత గీయొచ్చు, గరిష్ఠంగా 80 కిలోమీటర్లు. అది రోడ్డు దూరం కాదు, కాకి ఎగిరే దూరం. 50 పెడితే పార్వతీపురం, గుణుపురం లోపలికొస్తాయి. 80 పెడితే బొబ్బిలి, సాలూరు కూడా వస్తాయి. పర్లాకిమిడి, కోరాపుట్, జయపురం అప్పటికీ గీత బయటే ఉండిపోతాయి. అవి కావాలంటే రెండో పిన్ను, మూడో పిన్ను పెట్టాలి. జయపురం మీద ఒకటి, పర్లాకిమిడి మీద ఒకటి, ఒక్కోటి 25 కిలోమీటర్లు చాలు.

భాష అన్న గడిలో తెలుగు అని పెట్టకండి. అది చూసేది ఫేస్‌బుక్‌ని ఏ భాషలో వాడుతున్నారన్నదే, ఇంట్లో ఏం మాట్లాడతారో దానికి అనవసరం. మన పిల్లల ఫోన్లు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి, అందుకని ఆ గడి వాళ్లని తోసేస్తుంది. ఖాళీగా ఒగ్గేయండి.

ఒకేసారి అయిదు వేలు పోయకండి. రోజుకి 300 చొప్పున 5 రోజులు, 1,500. ఒడియా పోస్టరు ఒకటి, తెలుగు వీడియో ఒకటి, రెండూ ఒకే ప్రకటన సెట్‌లో. మొదటి రెండు రోజులు ముట్టుకోవద్దు. గంటకోసారి మార్పులు చేస్తే, ఎవరికి చూపించాలో ఫేస్‌బుక్ నేర్చుకున్నది మళ్లీ మొదటికొస్తుంది.

లెక్క ఇలా చూడండి. ఊరికే ఉదాహరణకి 1,500కి 60 మంది మెసేజ్ చేశారనుకుందాం, మనిషికి 25. అందులో ట్రేడు సరిపోయినవాళ్లు 15, అంటే ఒక్కరికి 100. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లు 6, అంటే 250. మీరు పట్టించుకోవాల్సిన అంకె ఆఖరిదే. ఒక ప్రకటన మెసేజ్ 10కే తెచ్చి ఇంటర్వ్యూకి ఎవరినీ తేకపోతే, ఇంకోటి మెసేజ్ 40 పడినా నలుగురిని కూర్చోబెడితే, ఆపేయాల్సింది మొదటిది. యాడ్స్ మేనేజర్ మాత్రం మొదటిదాన్నే మెచ్చుకుంటుంది.

---

మహేంద్రతనయ | మంగళవారం, మధ్యాహ్నం 12:10

పట్టునగరం గారితో ఒక్క చోట పేచీ. 12 మంది ఐటీఐ వాళ్లకి డబ్బు ప్రకటన మొదటి మెట్టు కాదు. ముందు ఉచితంగా దొరికేవి తేల్చుకోవాలి: ఊరి ఫేస్‌బుక్ గ్రూపులు, ఐటీఐ పాత బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపులు, ఐటీఐలో ప్లేస్‌మెంట్ చూసే మాస్టారు. మాస్టారు తన బ్యాచ్ గ్రూపులో ఒక్క వాయిస్ వేస్తే దానికున్న నమ్మకం ప్రకటనకి రాదు.

గ్రూపుల్లో పోస్టు పెట్టేముందు ఆ గ్రూపు అడ్మిన్‌కి ఒక మాట చెప్పండి. 30 గ్రూపుల్లో ఒకే బొమ్మ, ఒకే మాటలు అయిదు నిమిషాల్లో అతికిస్తే ఫేస్‌బుక్ దాన్ని స్పామ్‌గా చూసి పోస్టింగు ఆపేస్తుంది. రోజుకి నాలుగైదు గ్రూపులు, మొదటి రెండు లైన్లు ఆ ఊరికి తగ్గట్టు మార్చి. గుణుపురం గ్రూపులో "గుణుపురం నుంచి రాయగడకి రైలు లేదు, గది ఇస్తాం" అన్న లైను పైన ఉండాలి. పార్వతీపురం గ్రూపులో "రైల్లో వచ్చి పోవచ్చా" అన్నదానికి జవాబు పైన ఉండాలి.

---

పట్టునగరం | మంగళవారం, మధ్యాహ్నం 12:45

సరే, ఉచితం ముందు, డబ్బు తర్వాత. ఒప్పుకున్నాను. కానీ పదో రోజుకి నాలుగు పేర్లు కూడా తేలకపోతే ఇంకా మొహమాటపడుతూ కూర్చోకండి.

---

వంశధార | మంగళవారం, రాత్రి 9:00

ఇక వాట్సాప్. ప్రకటన ఎంత బాగున్నా అది చేరేది ఇక్కడికే, పని తప్పేదీ ఇక్కడే. సాయంత్రం 7కి వచ్చిన మెసేజ్‌కి మర్నాడు 11కి జవాబిస్తే ఆ ఎలక్ట్రీషియన్ ఈలోగా ఇంకో ముగ్గురికి రాసేసి ఉంటాడు. బేగి జవాబిచ్చినవాడికే మనిషి దొరుకుతాడు. అందుకే వచ్చినవాటికి గంటలోపు జవాబివ్వలేనంతగా పోస్టులు వేయొద్దు.

వేరే సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ వేయండి, సొంత నంబరు వద్దు. ప్రొఫైల్లో మీ సంస్థ పేరు, చిరునామా, పని వేళలు నింపండి. గ్రీటింగ్ మెసేజ్‌లో (కొత్తగా రాసినవాళ్లకి దానంతటదే వెళ్లే జవాబు) నాలుగే ప్రశ్నలు: పేరు, ఊరు? ఏ ట్రేడు, ఏ సంవత్సరం పాసు? ఎక్కడ ఎన్నాళ్లు పని చేశారు? ఎప్పటి నుంచి రాగలరు? కింద "రాయడం ఇబ్బందైతే వాయిస్ పంపండి" అని ఒక లైను. ఈ లైను లేకపోతే తెలుగు అక్షరం రానివాడు నాలుగు ప్రశ్నలు చూసి బెదిరిపోతాడు. పోస్టరుతోపాటు లింకు ఇచ్చేటప్పుడు డబ్ల్యూఏ డాట్ ఎంఈ (wa.me) లింకులో మెసేజ్ ముందే రాసి పెట్టొచ్చు: "ఫిట్టర్ ఉద్యోగం, నా ఊరు...". నొక్కినవాడు ఖాళీ నింపి పంపుతాడు. "హాయ్" బెడద చాలావరకు అక్కడే వదిలిపోతుంది.

తర్వాత లేబుళ్లు. కొత్త, మాట్లాడాం, కాగితాలు చూశాం, ఇంటర్వ్యూ, చేరాడు, మరోసారికి. ఈ ఆరూ చాలు. "మరోసారికి" లేబుల్‌ని చులకనగా చూడకండి, వచ్చే షట్‌డౌన్‌కి (ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే రోజులకి) మీ బంగారం అక్కడే ఉంది. జీతం, చోటు, గది, కాగితాలు, ఈ నాలుగింటికీ క్విక్ రిప్లైలు పెట్టుకుంటే స్లాష్ కొట్టగానే జవాబు పడుతుంది.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు గురించి. 256 మంది వరకు పెట్టొచ్చు, కానీ మీ నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. 200 మందికి పంపాం, 20 మందే చూశారు అంటే కారణం ఇదే. మాట్లాడిన ప్రతివాడికీ "ఈ నంబరు ఫలానా పేరుతో సేవ్ చేసుకోండి" అని అప్పుడే చెప్పాలి. ముక్కూమొహం తెలియని నంబర్లకి వందలు వందలు పంపితే జనం రిపోర్టు కొడతారు, నంబరు బ్లాకవుతుంది, దాంతోపాటు మీ లేబుళ్లూ పోతాయి.

గ్రూపు పెట్టాలా, ఛానెలా అంటే ఛానెలే. గ్రూపులో ఒకరి నంబరు ఇంకొకరికి కనబడుతుంది, అక్కడి నుంచే దొంగ ఏజెంట్లు నంబర్లు ఏరుకుంటారు. ఛానెల్లో ఫాలోవర్ల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. ఎంపికైన 14 మందికి మాత్రం గ్రూపు పెట్టండి: చేరాల్సిన రోజు, బస్సు, తెచ్చుకోవాల్సినవి. చేరేముందు వారం జారిపోయేవాళ్లే ఎక్కువ, ఆ గ్రూపు వాళ్లని పట్టుకునుంటుంది.

ఇంకొకటి. ఆ ఫోను ఒక్కరి జేబులోనే ఉండకూడదు. నాలుగు పరికరాల వరకు లింకు చేయొచ్చు. అసలు ఫోను 14 రోజులు వాడకపోతే లింకులన్నీ తెగిపోతాయి, సెలవు మీద వెళ్లేవాళ్లకి ఈ సంగతి చెప్పండి.

---

సంతబజారు | మంగళవారం, రాత్రి 9:25

మరి డేటా అయిపోయినవాడి సంగతో? వాడికి మెసేజే నయం. తెలుగులో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌కి 70 అక్షరాలే పడతాయి, అందులో గుణింతాలకీ వత్తులకీ కూడా లెక్క. కాబట్టి "బుధ 10:30 ఇంటర్వ్యూ" అని తేల్చేయాలి. దానికన్నా ఒక ఫోను కొట్టడం మేలు.

---

వంశధార | మంగళవారం, రాత్రి 9:31

ఈసారి మీ మాటే రైటు. ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం ఫోను చేయాల్సిందే. వాట్సాప్ టిక్కులు నీలంగా మారినంత మాత్రాన మనిషి వస్తున్నట్టు కాదు.

---

మహేంద్రతనయ | బుధవారం, ఉదయం 10:15

ఆ ఇంజనీరు పోస్టుకి లింక్డిన్ వాడండి. ఫిట్టర్ల కోసం అక్కడ వెతకొద్దు, టైము వృథా.

లింక్డిన్‌లో "రాయగడ" అని చోటు పెట్టి వెతికితే ఇప్పుడు ఇక్కడున్నవాళ్లే వస్తారు, వాళ్లు కొద్దిమందే. మీకు కావాల్సింది ఇక్కడి నుంచి వెళ్లిపోయి, తిరిగి రావాలనుకునేవాళ్లు. దారి కాలేజీ పేజీల్లో ఉంది. గుణుపురం జీఐఈటీ పేజీ తెరిచి పూర్వ విద్యార్థుల ట్యాబ్‌లోకి వెళ్లండి. ఎక్కడుంటున్నారు అన్నచోట విశాఖ, హైదరాబాదు, భువనేశ్వర్, ఏం చేస్తున్నారు అన్నచోట ఇంజనీరింగ్ ఎంచుకోండి. వెతుకు పెట్టెలో "మెయింటెనెన్స్". అలాగే పర్లాకిమిడి సెంచూరియన్, బరంపురం నిస్ట్, విజయనగరం జేఎన్‌టీయూ. సునాబేడ హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్), దమన్‌జోడి నాల్కో (అల్యూమినియం కంపెనీ) చుట్టూ కాంట్రాక్టు కంపెనీల్లో చేసినవాళ్లు కూడా బాగా పనికొస్తారు, షట్‌డౌన్ పని వాళ్లకి కొట్టినపిండి.

మామూలు వెతుకులాటలో పదాల్ని కొటేషన్లలో పెట్టి, మధ్య ఆర్ (OR), యాండ్ (AND), నాట్ (NOT) అన్నవి ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాయాలి. చిన్నక్షరాల్లో రాస్తే అవి పనిచేయవు. హోదా పేరు ఒక్కటే పెట్టకండి. కొందరు మెయింటెనెన్స్ ఇంజనీరు అంటారు, కొందరు మెకానికల్ ఇంజనీరు, కొందరు ప్లాంట్ ఇంజనీరు. మూడింటినీ ఆర్‌తో కలిపి, సేల్స్‌ని నాట్‌తో తీసేయండి.

ఉచిత ఖాతాలో కనెక్షన్ రిక్వెస్టుతోపాటు వేసే నోటు 200 అక్షరాలు, అదీ నెలకి కొన్నే. తెలుగులో రాస్తే ఇక్కడా గుణింతం, వత్తు అన్నీ విడివిడిగా లెక్కలోకొస్తాయి, సగం వాక్యానికే కోటా అయిపోతుంది. ఇంగ్లీషులోనే రాయండి. నాలుగే విషయాలు: ఆయన ప్రొఫైల్లో మీరు చూసిన ఒక పని (పంపులా, కన్వేయర్లా, బాయిలరా), చోటు రాయగడ, జీతం ఇంత నుంచి ఇంత, క్వార్టరు ఉందా లేదా. "మీ ప్రొఫైల్ మాకు నచ్చింది" అన్న మాట అందరూ అందరికీ పంపేదే, దాన్ని చదవరు. రిక్రూటర్ లైట్ అన్న డబ్బు ప్లాను కొంటే నెలకి 30 ఇన్‌మెయిళ్లు (కనెక్షన్ లేనివాళ్లకి కూడా పంపగలిగే మెసేజీలు) వస్తాయి. 90 రోజుల్లోపు జవాబొస్తే, అది వద్దన్న జవాబైనా సరే, ఆ క్రెడిట్ తిరిగొస్తుంది. ఒక్క పోస్టు కోసమే అయితే కొనక్కర్లేదు.

---

జయపురం_అక్క | బుధవారం, ఉదయం 10:40

రీల్స్ మాట ఎవరూ ఎత్తలేదు. 30 సెకన్ల వీడియో ఒక్కటి చాలు: ఉండబోయే గది, బాత్రూము, క్యాంటీను పళ్లెం, పని చేసే షెడ్డు. ప్లాంటు లోపల తీయాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. వీడియోలో కనబడే ప్రతివాడికీ హెల్మెట్, బూట్లు ఉండాలి. లేకపోతే కామెంట్లలో జనం దాన్నే పట్టుకుంటారు, సేఫ్టీ ఆఫీసరు మిమ్మల్ని పట్టుకుంటాడు. గది నిజంగా ఎలా ఉందో అలాగే చూపించండి. ఆరుగురు ఉండే గదిలో రెండు మంచాలు వేసి తీస్తే, చేరిన రోజు రాత్రే వాళ్ల స్టేటస్‌లో అసలు గది ప్రత్యక్షమవుతుంది.

వేళ విషయానికొస్తే షిఫ్టులు 6, 2, 10కి మారేచోట మధ్యాహ్నం 2:30, రాత్రి 8:30 మంచివి. మొదటిది షిఫ్టు దిగి ఫోను తీసే వేళ, రెండోది రాత్రి షిఫ్టుకి బయల్దేరే ముందు వేళ.

---

తెల్లకాగితం | బుధవారం, సాయంత్రం 6:30

కాగితాల సంగతి నేను చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

"పురుషులు మాత్రమే", "28 లోపు", "పెళ్లికానివారు", ఇవి పోస్టరులో ఉంటే తీసేయండి. ఒకే పనికి చేర్చుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదని వేతనాల కోడ్ 2019 చెప్తోంది. అంతకుముందు 1976 సమాన వేతన చట్టమూ అదే చెప్పింది. 18 నిండి ఉండాలి అన్నది రాయండి, దానికి కారణముంది. 28కి ఏం కారణముంది? ఎలక్ట్రీషియన్ ట్రేడులో అమ్మాయిలు కూడా పాసవుతున్నారు, ఆ ఒక్క మాటతో వాళ్లని ఊరికే పోగొట్టుకుంటున్నారు.

పార్వతీపురం వైపు నుంచి మనుషుల్ని తెస్తే వాళ్లు వేరే రాష్ట్రం కార్మికులు. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం అయిదుగురి నుంచి వర్తించేది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో ఆ లెక్క 10 మంది, వేతనం నెలకి 18,000 లోపు ఉన్నవాళ్లు. అందులో ఏడాదికొకసారి సొంతూరు ప్రయాణ భత్యం ఉంది. ఎలాగూ ఇవ్వాల్సి వచ్చేట్టుంటే పోస్టరులోనే "ఊరికి వెళ్లిరావడానికి చార్జీలు ఇస్తాం" అని వేయండి. దాదన్ (అడ్వాన్సు ఇచ్చి దూరప్రాంతాలకి కూలికి తీసుకుపోవడం) అన్న మాట విన్న ఇళ్లలో ఆ లైనుకి విలువ ఉంటుంది.

ఆధార్ ఫొటో వాట్సాప్‌లో మొదటి రోజే అడగడం మానండి. ఎంపికయ్యాక, అదీ మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్. డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది, రూల్సు 2025 నవంబరులో వచ్చాయి, చాలా బాధ్యతల అమలుకి 18 నెలల గడువిచ్చారు. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పడం, వద్దంటే చెరిపేయడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. ఎంపికకానివాళ్ల సర్టిఫికెట్ ఫొటోలు గ్యాలరీలో ఏళ్లతరబడి మూలగకూడదు.

అభ్యర్థి ఫేస్‌బుక్ తిరగేసి అతని కులం, పార్టీ, ఏ దేవుడి ఫొటో పెట్టాడో చూసి తేల్చేవాళ్లున్నారు. దానివల్ల ఫిట్టింగు వచ్చో రాదో తెలియదు. ఒక పైపు ఫ్లేంజి ఇచ్చి బిగించమనండి, తెలుస్తుంది.

---

వేదిక_నిర్వాహకుడు | బుధవారం, రాత్రి 8:00

ఒక హెచ్చరిక. మంచి పోస్టరు వేస్తే దాన్ని ఎత్తుకుపోయి, నంబరు మార్చి, "రిజిస్ట్రేషన్ 500" అని తిప్పేవాళ్లు తయారవుతారు. నంబరు అంచున కాకుండా జీతం అంకె పక్కనే, రంగు పట్టీ మీద వేయండి, చెరపడం కష్టమవుతుంది. "ఏ దశలోనూ డబ్బు తీసుకోం" అన్నది పోస్టరులోనూ వాయిస్‌లోనూ ఉండాలి. "ఈ పోస్టరు అసలుదో కాదో మా పేజీలో పైన పిన్ చేసిన పోస్టులో చూసుకోండి" అని ఒక లైను పెట్టండి. డబ్బు పోయినవాళ్లుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయమనండి, ఎంత త్వరగా చేస్తే అంత నయం.

గల్ఫ్ ఉద్యోగాల పోస్టులు ఈ చర్చలో వేయొద్దు. విదేశాలకి పంపాలంటే 1983 వలస చట్టం కింద రిజిస్టరైన ఏజెంటే పంపాలి. తీసుకోదగ్గ సర్వీసు చార్జీ 30,000, దానిమీద జీఎస్టీ, అంతకుమించి కాదు. అలాంటి రెండు పోస్టులు తీసేశాను.

---

నాగావళి_గట్టు | గురువారం, రాత్రి 9:10

అందరికీ ధన్యవాదాలు. తెలుగు పోస్టరు డ్రాఫ్టు ఇది, తప్పులు పట్టండి:

"రాయగడలో పని. మెకానికల్ ఐటీఐ 8 మంది, ఎలక్ట్రీషియన్ 4 మంది. ఫ్రెషర్లు కూడా రావచ్చు.
జీతం 16,000. కోతలు పోగా చేతికి సుమారు 13,950. ఓటీ రెట్టింపు.
గది ఉచితం, నలుగురికి ఒకటి. క్యాంటీను ఉంది.
మూడు షిఫ్టులు. వారానికి ఒక సెలవు.
18 నిండిన ఆడ, మగ ఎవరైనా.
ఇంటర్వ్యూ: ఆదివారం ఉదయం 9 గంటలకి, మా ఆఫీసులో.
ఐటీఐ సర్టిఫికెట్, రెండు ఫొటోలు తెచ్చుకోండి.
ఏ దశలోనూ డబ్బు తీసుకోం. ఆఖరి తేదీ ఈ నెల 25."

---

వంశధార | గురువారం, రాత్రి 9:22

"మెకానికల్ ఐటీఐ" అని ట్రేడు లేదు. అలా వేస్తే డీజిల్ మెకానిక్, మోటార్ మెకానిక్, టర్నర్, అందరూ వస్తారు. ఫిట్టర్ అనండి. టర్నర్లు కూడా పనికొస్తే పేరు పెట్టి రాయండి.

"క్యాంటీను ఉంది" సరే, భోజనం ఎంత?

---

మహేంద్రతనయ | గురువారం, రాత్రి 9:30

ఉదయం 9కి గుణుపురం నుంచి రోడ్డు మీద వచ్చేవాడు అందుకోలేడు, ముందురోజు వచ్చి ఎక్కడ పడుకుంటాడు? 11 చేయండి. ఆదివారం మంచిదే, పనిలో ఉన్నవాడు సెలవు పెట్టక్కర్లేదు. "మా ఆఫీసులో" అంటే ఎక్కడ? స్టేషను నుంచి ఎంత దూరమో, దగ్గర్లో ఏ గుర్తు ఉందో రాయండి, గ్రీటింగ్ మెసేజ్‌లో మ్యాపు పిన్ను పెట్టండి.

---

జయపురం_అక్క | గురువారం, రాత్రి 9:41

మూడు షిఫ్టులు అని రాసి ఆడవాళ్లు రావచ్చంటే మొదటి ప్రశ్న నైట్ షిఫ్టు గురించే వస్తుంది. వాళ్లకి రాత్రి డ్యూటీ ఉందా, ఉంటే బండి ఎవరు పంపుతారు, గది వేరేగా ఉందా? ముందే తేల్చుకుని క్విక్ రిప్లైలో పెట్టుకోండి. "అడిగి చెప్తాం" అంటే ఆ ఇంటివాళ్లు రెండోసారి అడగరు.

---

నాగావళి_గట్టు | గురువారం, రాత్రి 10:05

ఫిట్టర్ అని మార్చాను. ఇంటర్వ్యూ 11కి. భోజనం 40, అది కూడా వేస్తున్నాను. నైట్ షిఫ్టు సంగతి రేపు ప్లాంటువాళ్లని అడిగి, తేలాకే పోస్టరు వదులుతాను. వాయిస్ మాత్రం 70 సెకన్లొచ్చింది, ఏం తీసేయాలో తోచడం లేదు.

---

జయపురం_అక్క | గురువారం, రాత్రి 10:12

ముందు మీ కంపెనీ పేరుతో మొదలయ్యే మొదటి 25 సెకన్లు తీసేసి వినండి.